వేరిచ్చిన ఇంటికి తొలికోత

హోకిసావా,
ఏప్రిల్ 26

చెల్లి మిసావోకు,

ఉత్తరమంటే ముందు వాతావరణం రాయాలి కాబట్టి రాస్తున్నాను. దేవదారు చెట్ల కింద మంచు మొన్ననే కరిగింది. చలి పోలేదు, నా మోకాళ్ళ నొప్పులూ పోలేదు. ఇక అసలు సంగతికి వస్తాను.

ఈ ఉత్తరం వెనకాలే పోస్టులో ఒక పెట్టె వస్తుంది. ఏటా వచ్చేదే. ఉత్తరపు గోడ వెనక నీడలో నేను పెంచుకునే గిబోషి మొలకలు. ఈసారి మొక్కల చుట్టూ వరిపొట్టు ఎత్తుగా పోశాను కాబట్టి కాడలు తెల్లగా, లేతగా వచ్చాయి. ఉడికించి, సోయా ముద్ద మిసోలో కాస్త వెనిగర్ కలిపి తినండి. మీ పట్నంలో కట్టలు కట్టి అమ్మేవి మాత్రం కొనకు. కొండకు పోయి ఏరుకొచ్చేవాళ్ళ చేతివి అసలే ముట్టుకోకు. బురద నేలలో గిబోషి పక్కనే బైకేయి మొలుస్తుందని నీకు తెలియనిది కాదు. మొలకలప్పుడు రెండూ కవల పిల్లలే. ఒకటి కూర, రెండోది విషం. తోటలో పెంచినదానికి ఆ భయం లేదు.

పెట్టె అడుగున వేరే కాగితంలో చుట్టి తొమ్మిది మొలకలు పెట్టాను. అవి నీకూ షూహెయ్ మరిదికీ మాత్రమే. నీ అలవాటు కొద్దీ పక్కింటావిడకు పంచిపెట్టకు. ఎందుకో ఇప్పుడు చెప్పను. తిన్నాక ఎలా ఉన్నాయో మరిది తన చేత్తో రాయాలి. నీ రాత నేను నమ్మను. ఉప్పు మరిచిపోయి వండినా నువ్వు బాగుందనే రాస్తావు.

ఫోను చేయవద్దు. పోయినసారి పోస్టాఫీసు దాకా నన్ను పరుగెత్తించావు. తీరా వెళితే నీ గొంతు డబ్బాలో పడ్డ తేనెటీగలా వినిపించింది. చెవులు పోయాయి, కళ్ళు పోతున్నాయి, నోరొక్కటే మిగిలింది. దాన్ని ఉత్తరాల్లో వాడుకోనీ.

మీ అక్క
కినుయో

*

నీగాతా,
మే 19

అక్కకు,

ఆయన అంత్యక్రియలకు నువ్వు అంత దూరం వచ్చి రెండు రోజులు ఉన్నా నీతో నాలుగు మాటలు మాట్లాడలేకపోయాను. తప్పుగా అనుకోకు. వచ్చినవాళ్ళకు టీలు ఇవ్వడం, అగరొత్తులు అందించడం, దండాలు పెట్టడం, వీటితోనే సరిపోయింది.

నువ్వు అడిగినప్పుడు గుండె అన్నాను కదా. అంతే. మధ్యాహ్నం భోజనం చేశాక కడుపులో తిప్పుతోందన్నారు. వాంతులయ్యాయి. ఆసుపత్రికి వెళ్ళేసరికి నాడి బాగా నెమ్మదించింది. సాయంత్రానికి అయిపోయింది. డెబ్బై రెండేళ్ళు, ముందే బలహీనమైన గుండె అని డాక్టరు అన్నాడు. ముప్పై ఏడేళ్ళు రైళ్ళకు సిగ్నళ్ళు చూసిన మనిషి తన దగ్గరికి వచ్చేటప్పటికి ఎర్రదీపం చూడలేదని ఆయన స్నేహితుడొకడు అన్నాడు. నాకు నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు.

నీ పెట్టె అందింది. అన్నీ బాగున్నాయి. ఇక ఈ ఏడు ఏమీ పంపవద్దు. ఒక్కదాన్ని, తినలేను.

నలభై తొమ్మిదో రోజు కర్మ జూన్ పదిహేడున వస్తుంది. నీ మోకాళ్ళతో మళ్ళీ ప్రయాణం వద్దు. అక్కడే దీపం పెట్టు.

మిసావో

*

హోకిసావా,
జూన్ 3

మిసావోకు,

నీ ఉత్తరంలో వాతావరణం లేదు. పుట్టి బుద్ధెరిగాక నువ్వు వాతావరణం లేకుండా రాసిన మొదటి ఉత్తరం ఇది. అది చూసే ఏడ్చాను, మిగతాది తరువాత చదివాను.

భర్త పోయినదాన్ని నేనూ కదా, ఒక మాట చెబుతాను విను. మొదటి ఏడాది ఏ పనీ మానకు. వండుకో, తుడుచుకో, తిట్టడానికి ఎవరైనా ఉంటే తిట్టు. మీ బావ పోయినప్పుడు నన్ను బతికించింది ఈ గిబోషీలే. ఎండ పొడ పడితే ఆకు మాడుతుంది, చూరు నీళ్ళు పడితే ఆకు మీది బూడిద రంగు మైనం చెదిరిపోతుంది, తెల్లారేసరికి నత్తలు జల్లెడ చేస్తాయి. వాటితో వేగడంలో నా ఏడుపు నాకు గుర్తు రాలేదు.

నీ మనసు మళ్ళించడానికి ఒక సంగతి చెబుతాను. మొన్న నారు చుట్టుకోవడానికి పోస్టాఫీసు తొకుజి దగ్గర పాత పేపర్లు తెచ్చుకున్నాను. నాకు అక్షరాలు అలుక్కుపోతాయి కాబట్టి వాడే ఒకటి చదివి వినిపించాడు. మీ నీగాతాలోనే డెబ్బై దాటిన ఒక పెద్దాయన, భార్య కొండ మీద ఏరుకొచ్చిన బైకేయిని గిబోషి అనుకుని తిని చనిపోయాడట. పేరు వేయలేదు. పరువు కోసం కాబోలు. "ఆ మహాతల్లికి కళ్ళు నెత్తి మీదున్నాయా ఏంది పిన్నీ" అన్నాడు తొకుజి. కళ్ళు ఎక్కడున్నా చేతులున్నాయి కదా అన్నాను. ఆకు పట్టుకుని చూస్తే చాలదా? గిబోషి ఆకుకు కాడ ఉంటుంది, నడుమ ఒక ఈనె ఉంటుంది. బైకేయికి కాడ ఉండదు, మొదలు నుంచి చివరిదాకా ముడిచిన గొడుగులా మడతలుంటాయి. మన ఊళ్ళో ఐదేళ్ళ పిల్ల కూడా ఇది చెబుతుంది. కట్టుకున్నవాడికి పెట్టేముందు ఒక్కసారి చూసుకోలేని మనిషిని ఏమనాలి? నీకు ఎక్కడైనా ఎదురుపడితే నా మాటగా నాలుగు అంటించు.

చూశావా, తిట్టడం మొదలుపెడితే ప్రాణానికి ఎంత హాయిగా ఉందో. నువ్వూ ప్రయత్నించు.

కినుయో

*

నీగాతా,
జూన్ 20

అక్కకు,

వానలు మొదలయ్యాయి. నీకోసం వాతావరణం రాశాను.

నలభై తొమ్మిదో రోజు జరిగింది. బూడిద సమాధిలో పెట్టాం. నువ్వు పంపిన అగరొత్తులే వెలిగించాను.

ఆ పేపరులో మనిషి గురించి నువ్వు రాసింది నాలుగైదు సార్లు చదివాను. ఆవిడను అంత మాట అనకు అక్కా. ఆవిడ కూడా మనలాగే కొండ ఊళ్ళో పుట్టిందేమో. తెలిసినదాన్నే కదా అన్న ధీమాతోనే చూడలేదేమో. ఆవిడ ఇప్పుడు ఎలా బతుకుతోందో మనకు తెలియదు. ఈ సంగతి ఇక మనం మాట్లాడుకోవద్దు.

ఒకటి అడుగుతాను, నవ్వకు. పెట్టెలో విడిగా చుట్టిన ఆ తొమ్మిది మొలకలు ఏ మడిలోవి? ఎందుకు ప్రత్యేకమో తరువాత చెబుతానన్నావు, చెప్పలేదు. ఆయన రాయాల్సిన ఉత్తరం రాయకుండానే వెళ్ళిపోయారు కాబట్టి నాకైనా చెప్పు. ఆ మడిలోంచి ఇంకెవరికైనా ఇచ్చావా? నువ్వు తిన్నావా? నేను వచ్చి చూసేదాకా ఆ మడిలో ఏమీ కోయకు. నా మాట విను.

మిసావో

*

హోకిసావా,
జూలై 5

మిసావోకు,

వానలు ఇక్కడా అంతే. నత్తలకు పండగ, నాకు దండగ.

నీ ఉత్తరం చూసి నవ్వుకున్నాను, తరువాత కళ్ళు తుడుచుకున్నాను. చూశావా, తిన్నప్పుడే మీకు తేడా తెలిసిందన్నమాట. అందుకే అడుగుతున్నావు. మరిది బతికుంటే ఈ కబురు ఆయనకే రాసేదాన్ని. వినడానికి నువ్వున్నావు, అది చాలు.

ఏడేళ్ళ కిందట మే నెలలో మీరిద్దరూ బస్సు దిగి బురదనేల అడ్డదారిన నడిచి వచ్చారు, గుర్తుందా? మరిది ప్యాంటు మోకాళ్ళ దాకా తడిసి, తువ్వాలులో మూటకట్టిన వేరొకటి చేతుల్లో పెట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. "వదినా, వట్టి చేతులతో రాలేదు, మీ చెల్లెలు చూసి ఎంచిన గిబోషి" అన్నాడు. పట్నం మనిషి మట్టిలో చేయి పెట్టి తెచ్చాడు కదా అని దాన్ని అన్నిటికంటే మంచి చోట, కాలువ పక్క దేవదారు కింద, చిక్కటి నీడలో నాటాను.

అది మామూలు గిబోషి కాదు మిసావో. ఆకులు కింద పరుచుకోకుండా నిటారుగా నిలబడతాయి. ఆకు నిండా విసనకర్రలా మడతలు. ఏడేళ్ళలో ఒక్క పువ్వూ పూయలేదు. ఆగస్టు రాకముందే పసుపెక్కి నేలలోకి వెళ్ళిపోతుంది. ఎండ ఎక్కువైందేమోనని ఇంకా లోపలికి జరిపాను. మా గిబోషి సంఘంలో ఒనొదెరా గారు ఆకు అంచున వెంట్రుకంత తెలుపుంటే చాలు, దానికో పేరు పెట్టి కుండీలో ఊరేగిస్తారు. ఇక దీన్ని చూస్తే ఊరుకుంటారా? అందుకే ఎవరి కంటా పడనివ్వలేదు. తడిక అడ్డం పెట్టాను. కాకి పిల్ల కాకికి ముద్దు అంటావేమో, అను. దాన్ని చూసుకుంటే నాకు గర్వంగా ఉండేది.

మన ఊరి పద్ధతి నువ్వు మరిచిపోయి ఉంటావు. ఎవరైనా వేరిస్తే, అది కోతకు వచ్చిన ఏడు తొలికోత ఆ వేరిచ్చిన ఇంటికే వెళ్ళాలి. ఆ తరువాతే మన నోటికి. ఏడేళ్ళూ కత్తి తగలనివ్వలేదు. ఈ ఏడు పొద నిండుగా లేచింది. అందులో తొమ్మిది కోసి మీకు పంపాను. నేను ఒక్కటీ తినలేదు, ఇంకెవరికీ పెట్టలేదు.

ఇంకో మాట. వచ్చే నెల పోయినవాళ్ళు ఇంటికొచ్చే పండగ. మరిదికి ఇది మొదటిది. ఆయన పేరు మీద ఆ పొద విడదీసి నాలుగిళ్ళకు వేర్లు పంచుతాను. పట్నం మనిషి తెచ్చిన వేరు మన ఊరంతా ఉంటుంది. ఇంతకంటే మంచి జ్ఞాపకం ఏముంటుంది చెప్పు.

కినుయో

*

నీగాతా,
ఆగస్టు 18

అక్కకు,

ఈ ఉత్తరం ఆరుసార్లు రాసి చింపాను. నీ ఉత్తరం వచ్చి ఆరు వారాలయింది. మొలకలు వసంతంలో కదా తింటారు, ఇంకా సమయం ఉంది అని నాకు నేను చెప్పుకుంటూ గడిపాను. ఇక కుదరదు. కూర్చుని చదువు. పక్కన ఎవరైనా ఉంటే బయటికి పంపు.

ఆ పేపరులో మనిషిని నేనే.

ఆయన పోయింది గుండె ఆగిపోయే. అది ఆగింది బైకేయి వల్ల. నువ్వు పంపిన తొమ్మిదిలో ఏడు ఉడికించాను. నేను ఒక ముక్క నోట్లో పెట్టుకుని చేదుగా ఉందని పక్కన పెట్టాను. "కొండ కూర చేదుగానే ఉంటుంది. పట్నం దానివైపోయావు నువ్వు" అని నవ్వి, నా గిన్నెలోది కూడా ఆయనే తిన్నారు. వదిన పంపినది పారేయకూడదన్నారు. మిగిలిన రెండు మొలకలు ఆరోగ్య శాఖవాళ్ళు తీసుకెళ్ళి పరీక్ష చేశారు. ఎక్కడివి అని అడిగారు. కొండ మీద నేనే ఏరుకొచ్చాను అన్నాను. ఏ కొండ అంటే కిటికీలోంచి కనిపించేదాన్ని చూపించాను. నీ పేరు ఎవరి నోటా రాకూడదనుకున్నాను.

జూలై దాకా నేను నీ తప్పును దాస్తున్నాననే అనుకున్నాను అక్కా. కళ్ళు ఆనని మనిషి, ఏదో పొరపాటున కోసి ఉంటుంది, ఈ వయసులో తెలిస్తే బతకదు, నేనే మోస్తాను అనుకున్నాను. నీ మీద జాలిపడ్డాను. ఎంత గొప్పదాన్నో అని లోపల ఎక్కడో అనుకున్నాను కూడా. నీ ఉత్తరంలో విసనకర్ర మడతలు అన్న చోట ఆగి, మళ్ళీ మొదటి నుంచీ చదివాను.

ఆ రోజు బురదనేల దగ్గర నేను రాయి మీద కూర్చుని చెప్పుకు అంటిన బురద గీరుకుంటున్నాను. ఆయన పది అడుగుల దూరంలో వంగి "ఇదేనా మీ గిబోషి?" అని అడిగారు. నేను లేవలేదు. తలెత్తి చూసి "అదే, తవ్వండి, అక్క సంతోషిస్తుంది" అన్నాను. లేచి పది అడుగులు వేసి ఆకు పట్టుకుని చూడలేదు. ఆ ఊళ్ళో పుట్టినదాన్ని, నాకు చూడాల్సిన పనేముంది అనుకున్నాను.

నువ్వు నాటింది నేను ఇచ్చిందే. నువ్వు పంపింది నాదే నాకు. నీ తప్పు ఏమీ లేదు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఇప్పుడు చెబుతున్నాను. ఆ పొద తవ్వెయ్. ఎవరికీ ఇవ్వకు.

మిసావో

*

హోకిసావా,
అక్టోబరు 9

మిసావోకు,

ఇచ్చేశాను. నీ ఉత్తరం వచ్చేసరికి నాలుగిళ్ళకూ ఇచ్చేశాను. పండగకు ముందు రోజే తవ్వి, వేరు విడదీసి, తడి నాచులో చుట్టి, ఎర్రదారం కట్టి ఇచ్చాను. మరిది పేరు చెప్పి ఇచ్చాను.

తొకుజి చేత నీ ఉత్తరం చదివించుకోలేదు. భూతద్దం పెట్టుకుని నేనే చదివాను. ఒక పూట పట్టింది. ఆ మర్నాడే బయలుదేరాను. మొదటి ఇంట్లో ఏమని చెప్పాలో తెలియక, "ఆ వేరు ఇటివ్వండి, దాన్ని తిని మా మరిది పోయాడు" అన్నాను. వాళ్ళు ఇంకా నాటలేదు, ఇచ్చేశారు. రెండో ఇంటావిడ కుండీతో సహా చేతుల్లో పెట్టి తలుపు మెల్లగా వేసుకుంది. ధడాలున వేసి ఉంటే బాగుండేది. మూడో ఇంట్లో నాటేసి ఉంటే నేనే తవ్వి తీసుకున్నాను.

నాలుగోది ఒనొదెరా గారిల్లు. ఆయన దగ్గర అది లేదు. "మీరిచ్చిన రోజే పొయ్యిలో వేశానండీ" అన్నాడు. ఎందుకని అడిగాను.

"అది బైకేయి కదండీ కినుయో గారూ. నేను మూడేళ్ళ కిందటే చూశాను, తడిక సందులోంచి. పూల కోసం పెంచుకుంటున్నారేమో అనుకున్నాను."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"అంత ప్రేమగా దాచుకున్నారు. చెబితే చిన్నబుచ్చుకుంటారని."

ఆయన గేటు పట్టుకుని నిలబడ్డాను మిసావో. ఆయన నన్ను బాధపెట్టకూడదనుకున్నాడు. నువ్వూ నన్ను బాధపెట్టకూడదనుకున్నావు. ఇంతమంది నా మీద ఇంత దయ చూపించారు. ముందే ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు నన్ను బాధపెట్టి ఉంటే షూహెయ్ బతికి ఉండేవాడు.

నీ ఉత్తరంలో చివర నా తప్పేమీ లేదని రాశావు. అది అబద్ధం, వెనక్కి తీసుకో. నువ్వు ఒకసారి చూడలేదు. నేను ఏడేళ్ళు చూశాను. రోజూ దాని పక్కన కూర్చుని చూశాను. ఊరికి పాఠం చెప్పే మనిషిని, మడతలుంటే విషమని నీకే ఉత్తరంలో రాసిన మనిషిని, నా ఇంట్లో మడతలు చూసి మురిసిపోయాను. నాది కాబట్టి అది వింత రకం అనుకున్నాను. పేపరులో మనిషిని ఏమనాలో అడిగాను కదా, అదంతా నాకే రాసుకున్నానని ఇప్పుడు తెలిసింది.

ఆ పేపరు విన్నప్పుడు నాకు అనుమానం రాలేదా అని ఈ రెండు నెలలుగా నన్ను నేనే అడుగుతున్నాను. మీ ఊరే, ఆ వయసే, ఆ రోజులే. వచ్చి ఉంటుంది. రానివ్వలేదు.

ఆరోగ్య శాఖకు నిజం రాయించాను. కొండ మీద మా చెల్లెలు ఏరలేదు, నా తోటలో నేను కోసి పంపాను అని వేలిముద్ర కూడా వేశాను. మా సంఘంవాళ్ళు వచ్చే వసంతంలో ప్రదర్శనకు నా కుండీలు తేనక్కర్లేదని చాలా మర్యాదగా చెప్పారు.

ఒక్కటే అడుగుతాను. ఏప్రిల్ చివర నుంచి ఆగస్టు దాకా ఎందుకు చెప్పలేదు? నేను జోకులు రాస్తూ ఉంటే చదువుతూ ఎలా ఊరుకున్నావు? నన్ను కాపాడడానికి అని మాత్రం రాయకు.

కినుయో

*

నీగాతా,
జనవరి 21

అక్కకు,

సముద్రం మీది నుంచి మంచుగాలి వీస్తోంది. కిటికీలు తెరవడం లేదు.

నువ్వు అడిగినదానికి జవాబు రాయడానికి మూడు నెలలు పట్టింది. ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పనిది ఒకటి ఉంది.

ఆసుపత్రిలో ఆయనకు తెలివి ఉంది. వాంతులు కాస్త తగ్గి, మంచం మీద పడుకోబెట్టారు. ఏం తిన్నారని డాక్టరు అడిగి అటు వెళ్ళగానే ఆయనకు అర్థమైంది. నాకంటే ముందు ఆయనకే అర్థమైంది. నా మణికట్టు పట్టుకున్నారు. పోతాననుకోలేదు అక్కా, రెండు రోజుల్లో ఇంటికి వెళ్తామనే అనుకున్నారు. అందుకే నవ్వుతూ అన్నారు.

"వదినకు చెప్పకు. తెలిస్తే వచ్చే ఏడు పంపదు."

ఇంకో మాట అనలేదు. ఆ తరువాత మాట్లాడే ఓపిక లేకపోయింది.

నలభై మూడేళ్ళు కాపురం చేసినందుకు నాకు మిగిలిన చివరి మాట అది. నా గురించి కాదు, పిల్లల్లేని ఇంట్లో నేను ఒక్కదాన్ని ఎలా ఉంటానని కాదు. నీ పెట్టె గురించి. మొదట్లో కోపం వచ్చింది. తరువాత దాన్ని ఆయన ఆఖరి కోరిక అనుకున్నాను, తీర్చాలనుకున్నాను. జూలై దాకా నిజంగా దానికోసమే దాచాను. జూలై తరువాత దాచింది ఆయన కోసం కాదు, నీ కోసమూ కాదు. "అదే, తవ్వండి" అన్నది నేనని నీకు తెలియకూడదని. ఆయన మాట వెనక నక్కి కూర్చున్నాను. ఆ ఆరు వారాల్లోనే నువ్వు ఎర్రదారాలు కట్టావు.

నువ్వు కోరినట్టు వెనక్కి తీసుకుంటున్నాను. నీ తప్పు ఉంది. నాదీ ఉంది. ఇద్దరికీ చాలినంత ఉంది.

తిడుతూ ఒక్క ఉత్తరం రాయి. ఏమీ రాకపోవడం భరించలేకపోతున్నాను.

మిసావో

*

హోకిసావా,
మే 8

మిసావోకు,

ఈ ఏడు మంచు ఆలస్యంగా పోయింది. చెర్రీలు పూసి రాలాయి. కొండ మీద ఇంకా తెల్లచారలున్నాయి.

నిన్ను తిడదామని చాలాసార్లు కూర్చున్నాను. షూహెయ్ అన్న మాట దగ్గరికి వచ్చేసరికి కలం ఆగిపోతోంది. చచ్చిపోతూ కూడా నా కూర గురించి దిగులుపడ్డ మనిషిని ఆ కూరతోనే చంపాను. దీని మీద ఏం రాయను.

ఫిబ్రవరిలో ఒక కంటికి ఆపరేషను చేయించుకున్నాను. కట్టు విప్పాక ఇంటికొచ్చి మొదట ఉత్తరపు గోడ వెనక్కి వెళ్ళాను. మంచు కింద ఏమీ కనబడలేదు. ఏప్రిల్లో మొలకలు లేచాక ఒక్కొక్కటే చూశాను. అరవై రెండు పొదలు. ప్రతి పొదలో ఆకు విప్పి చూశాను. కాడ ఉందా, నడుమ ఈనె ఉందా, మడతలున్నాయా. నాలుగు రోజులు పట్టింది. అన్నీ గిబోషీలే. కాలువ పక్క గుంటలో ఏమీ నాటలేదు, నాటను.

ఊళ్ళో ఎవరూ నా చేతి ఆకు తీసుకోవడం లేదు. తొకుజి ఒక్కడు, "ఇవ్వు పిన్నీ, నేను తింటా" అన్నాడు. పోరా, నీ పెళ్ళాం నన్ను కొడుతుంది అన్నాను. నిజానికి వాడి నోటి దగ్గర దాన్ని ఊహించుకోలేకపోయాను.

మొన్న సోమవారం మీ ఇంటికి పెట్టె కట్టాను. ఆయన పంపదు అన్నాడు కదా, పంపాలనిపించింది. పాత మడిలోవి, మన అమ్మ నాటిన పొదలోవి కోశాను. నువ్వు పుట్టకముందు నుంచీ మన ఇంట్లో తింటున్నవి. తడి కాగితంలో చుట్టి, పేరు రాయించి, పోస్టాఫీసుకు తీసుకెళ్ళాను. తొకుజి తూకం వేసి బిళ్ళలు అంటించాడు. "ఇటివ్వరా" అని వెనక్కి తీసుకుని ఇంటికి వచ్చేశాను. తరువాతి రోజు మళ్ళీ వెళ్ళాను, మళ్ళీ తెచ్చేసుకున్నాను. అవి వాడిపోయాయి, పారేశాను.

పంపడం నావల్ల కాదు. పెట్టె నా చేయి దాటాక నీ వంటింటికి చేరేదాకా నేను ఊపిరి తీసుకోలేను.

అందుకని నువ్వే రా. నీ మీద కోపం పోయిందని కాదు, పోలేదు. నీకూ నా మీద ఉండే ఉంటుంది. ఉండనీ, తీసుకునే రా. ఈ నెలాఖరు దాకా మొలకలు లేతగానే ఉంటాయి. బురదనేల దారిన రాకు, రోడ్డు మీదుగా రా. నీ కళ్ళ ముందే కోస్తాను, ఇద్దరం ఆకు పట్టుకుని చూద్దాం, ఇద్దరం వండుదాం. ముందు నేను తింటాను. గంటలో తెలుస్తుందట, మనం రెండు గంటలు కూర్చుందాం. మాట్లాడాలనిపిస్తే మాట్లాడుకుందాం, లేకపోతే ఊరికే కూర్చుందాం. నాకేమీ కాకపోతే అప్పుడు నీకు వడ్డిస్తాను.

మీ అక్క
కినుయో